ఏడో పరీక్షలో గీత

అక్షర మొదటిరోజే మంటను చూసి చప్పట్లు కొట్టింది.

ఏప్రిల్ రెండోవారం, మానేసర్‌లో మా ల్యాబు. చీకటి గదిలో రెండు గుంట అద్దాలను ఎదురెదురుగా నిలబెట్టి మధ్యలో చిన్న మంట వెలిగించాను. అద్దం నుంచి వచ్చే వెలుగంతా ఒక బిందువు దగ్గర చేరుతుంది. అక్కడ ఒక షేవింగ్ బ్లేడు పెడతాం. అది వెలుగులో సగాన్ని కోసేస్తే మామూలు కంటికి కనబడనివి కెమెరాలో కనబడతాయి. మంట చుట్టూ లేచే వేడిగాలి పొరలు, లీకయ్యే గ్యాసు, మనిషి అరచేతి మీంచి పైకి పోయే వెచ్చదనం. పద్దెనిమిదేళ్ళుగా నా ఉద్యోగం ఇదే.

"అంకుల్, ఇది ఊపిరి తీస్కుంటోంది! దేఖియే నా!" అంది.

"ఊపిరి కాదు. వేడెక్కిన గాలి తేలికై పైకి పోతోంది."

"అదే కదా ఊపిరి!"

రామమూర్తి గారు నవ్వారు. ఆయన మా డైరెక్టరు. ల్యాబు పెట్టి పాతికేళ్ళయిందని, మేం తీసిన మంటల చిత్రాలను కళగా మార్చి ప్రదర్శన పెట్టాలని ఆయన సరదా. అందుకే బొమ్మలు వేసే ఈ అమ్మాయిని పిలిచారు. తల్లిదండ్రులది హైదరాబాదు. తను పుట్టి పెరిగింది వసంత్ కుంజ్‌లో. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడబోతే సగంలో హిందీ అయిపోతుంది.

"సిలాసూ, అమ్మాయి ఏం అడిగినా కాదనకు," అన్నారాయన.

సరేనన్నాను. ఆ చప్పట్లు కొట్టిన చేతుల్ని పట్టుకుని ఆ మంట మీద ఒక్క క్షణం పెట్టాలనిపించింది. అలా అనిపించినందుకు నాకు సిగ్గు కూడా వేయలేదు.

దానికి ఐదు వారాల ముందు, మార్చి ఆరున, నా భార్య జయశీల పనిచేసే ఆసుపత్రి వార్డులో నిప్పంటుకుంది. ప్లగ్ బోర్డులో చిన్న రవ్వ. పక్కనే పరుపు, పరుపు పక్కనే ఆక్సిజన్ సిలిండరు. అరనిమిషంలో మంచమంతా మంటే. ఆ మంచం మీది పెద్దాయన చనిపోయాడు. ఆయన్ని లాగబోయిన జయశీలకు ఎడమచెయ్యి మోచేతి దాకా కాలింది. అంత వేగంగా అంటుకుందంటే అక్కడి గాలిలో ఆక్సిజన్ చేరి ఉండాలి. సిలిండరు వాల్వు తిప్పి కట్టెయ్యడం డ్యూటీ నర్సు మరిచిపోయిందని ఆసుపత్రి చెప్పింది. కట్టానని జయశీల చెప్పింది. విచారణ కమిటీ వేశారు. జూన్ నెలాఖరుకి తేలుస్తామన్నారు. కట్టలేదని తేలితే ఆమె ఇక నర్సు కాదు. ఒక మనిషి చావుకు కారణమైందని పోలీసు కేసు కూడా ఉంటుంది.

"రెండుచేతులా తిప్పి కట్టాను," అనేది జయశీల, చేతికి కట్టు మార్చుకుంటూ. రోజుకి ఒక్కసారైనా అనేది.

"అవునులే," అనేవాణ్ణి.

కమిటీ అదే రకం, అదే తయారీ నెల ఉన్న సిలిండర్లను నాలుగింటిని పరీక్షకు పంపింది. పంపింది మా ల్యాబుకే. జయశీల నా భార్య అని నేను ఎవరికీ చెప్పలేదు. కాగితాల్లో ఆమె పుట్టింటివారి పేరే ఉంది. చెబితే నన్ను ఆ పని నుంచి తప్పిస్తారు. ఈ సంగతి నా కళ్ళతో నేనే చూడాలి అనుకున్నాను. కనీసం అలా అనుకుంటున్నానని అనుకున్నాను.

జయశీలకి మాత్రం చెప్పాను. మార్చి తర్వాత మొదటిసారి ఆ రోజు కడుపునిండా అన్నం తింది.

"మీరు చూస్తున్నారుగా. ఇంక నాకు భయం లేదు," అంది.

* * *

ఏప్రిల్ నెలాఖరులో పరీక్షలు చేశాం. ఏడో పరీక్ష ఇది: సిలిండరు వాల్వు గట్టిగా కట్టి, దాని మెడకి జానెడు దూరంలో పరుపు ముక్క, ముక్క కొసన చిన్న మంట. కెమెరా సెకనుకు రెండువేల చిత్రాలు తీస్తుంది. మంట కాసేపు నిటారుగా నిలబడింది. తర్వాత ఒక పక్కకి ఒరిగి, ఒక్కసారి ఉబ్బింది. పరుపు ముక్క భగ్గుమంది.

"యే వాలా! నాకు ఇదే కావాలి!" అక్షర తెర మీద వేలు పెట్టింది. "నడుం చూడండి అంకుల్. డాన్సర్ నడుం."

"వేలు తియ్యి. తెర పాడవుతుంది."

తీసింది. కానీ ఊరుకోలేదు. "దీనికి నీలం పెడతాను. చివర్లో పసుపు, మన ఇళ్ళల్లో గడపకి రాసే పసుపు."

"మా కెమెరాకి రంగు తెలియదు. అంతా బూడిద రంగే. రంగు మేం వేస్తాం, ఇంత వేడికి ఇంత రంగు అని లెక్క ప్రకారం. నీ ఇష్టం వచ్చిన రంగు వేస్తే అది అబద్ధం."

"మీరు వేస్తే నిజం, నేను వేస్తే ఝూఠ్?"

"ఇలాంటి మంటలో ఒక మనిషి కాలి చచ్చిపోయాడు."

నా గొంతు నేననుకున్నదాని కంటే పైకి లేచింది. అక్షర తెర వైపు చూస్తూ నిలబడింది. "సారీ అంకుల్," అంది. "కానీ అందంగా ఉంది కదా. నేనేం చెయ్యను?"

జవాబు లేనప్పుడు నేను కోపం తెచ్చుకుంటాను. నా సంగతి నాకు తెలిసినదాంట్లో ఇదొకటి.

తర్వాత అడిగింది, మీరు శుభ్రం చేసినవి వద్దు, కెమెరా తీసింది తీసినట్టు కచ్చా ఫైళ్ళు ఇవ్వండి అని. ఇవ్వనన్నాను. విచారణ కాగితాలు బొమ్మలేసుకోవడానికి కాదన్నాను. అరగంటలో రామమూర్తి గారే వచ్చి వాటిని ఆమె హార్డ్ డిస్కులోకి కాపీ చేసి ఇచ్చారు. "పరీక్ష పేరూ నంబరూ రాయదులేవయ్యా. ఆర్టు కదా," అన్నారు. ఆ రోజు బస్సులో జనక్‌పురి దాకా నేను కిటికీ ఊచ పట్టుకుని కూర్చున్నాను. దిగేసరికి అరచేతిలో తుప్పు.

రెండో అద్దం మీద పాత గీత ఒకటుంది. రెండేళ్ళ కిందట ఎవరో గరుకు గుడ్డతో తుడిచారు. వెంట్రుకంత గీత. తీసే ప్రతి చిత్రంలోనూ కింద ఎడమవైపు పడుతుంది. రిపోర్టుల్లో దాన్ని అలాగే ఉంచి, ఇది అద్దం గీత అని రాస్తాం. ప్రదర్శనకి మాత్రం అలా కుదరదన్నారు రామమూర్తి గారు. "పెద్దవాళ్ళొస్తారు. గీతలూ మరకలూ లేకుండా తుడిచి పెట్టు."

మూడు రోజులు కూర్చుని తుడిచాను. ఏడో పరీక్షలో పాత గీత పక్కన, వాల్వు మెడ దగ్గర, ఇంకో సన్నని గీత ఉంది. దాన్నీ తుడిచాను. నా చేతికి అది అలవాటైన పని.

ఆ పక్షం చివర కెమెరా డిస్కు ఖాళీ చేశాను. ఎప్పుడూ చేసేదే.

రామమూర్తి గారు రిపోర్టులో కూడా ఆ శుభ్రం చేసిన చిత్రాలే పెట్టారు. చక్కగా ఉన్నాయని. చిత్రాలు తీసినవాడిగా నేను సంతకం పెట్టాను. మే పదహారున రిపోర్టు వెళ్ళింది. "వాల్వు కట్టి ఉన్నప్పుడు గ్యాసు లీకు కనబడలేదు."

* * *

ఆ ఆదివారం సైమన్ పాస్టరు గారు మా ఇంటికి ప్రార్థనకి వచ్చారు. జయశీల పిన్ని కూతురు ఫెయిత్ కూడా వచ్చింది. ఆమె కూడా నర్సే, సరోజినీ నగర్ క్వార్టర్స్‌లో ఉంటుంది. కూలరు మోతలో ఆయన గొంతు పెంచాల్సి వచ్చింది.

"తెలిసి చేసినా తెలియక చేసినా ప్రభువు క్షమిస్తాడమ్మా. అడుగుదాం."

జయశీల కళ్ళు తెరిచింది. "చెయ్యనిదానికి క్షమించమని నేనెందుకు అడగాలి పాస్టరు గారూ?"

"అక్కా," అంది ఫెయిత్ మెల్లగా.

"కాదు, నాకు చెప్పనీ. ల్యాబు వాళ్ళు రాశారంట. వాల్వు కడితే లీకు రాదంట. నేను కట్టాను. మరి ఆ గ్యాసు ఎక్కణ్ణించి వచ్చింది? ఆకాశం నుంచి వచ్చిందా?" నా వైపు తిరిగింది. "మీరు చూశారు కదండీ. ఏమీ కనబడలేదా?"

"లేదు," అన్నాను.

ఆ మాట అంటున్నప్పుడు నాకు ఆమె మీద జాలి కలిగింది. ఆ జాలిని తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకు అసహ్యం వేస్తుంది. అంత ప్రశాంతంగా ఉందది. ఆ ముందు చలికాలంలో జయశీల రెండుసార్లు పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయింది. వరసగా మూడు డ్యూటీలు చేసి వచ్చేది, కూర్చున్నచోటే నిద్రపోయేది. మార్చి ఆరున ఆసుపత్రి నుంచి ఫోను రాగానే నా మనసులోకి మొదట వచ్చింది ఆ మాడిన పాలవాసన. ఆ తర్వాత నేను ఇంకేమీ ఆలోచించలేదు. ఆలోచించడం అయిపోయింది. మిగిలింది ఆమెను సముదాయించడం, అక్షర మీద పళ్ళు నూరడం.

పాస్టరు గారు వెళ్తూ నా భుజం తట్టారు. "నీలాంటి భర్త ఉండటం ఆమెకి బలం."

* * *

జూన్ ఆరున ప్రదర్శన మొదలైంది. జయశీల వస్తానంది.

"నువ్వెందుకు? అదంతా గొప్పవాళ్ళ గోల," అన్నాను.

"నన్ను కాల్చిందాన్ని అందరూ చూస్తున్నారు. నేను చూడకూడదా?"

పొడుగు చేతుల జాకెట్టు వేసుకుంది. మధ్యాహ్నం పన్నెండింటికి వసంత్ కుంజ్ దగ్గర గ్యాలరీలోకి అడుగుపెట్టాం. బయట నలభై అయిదు డిగ్రీలు, లోపల చలి. తెల్లటి గోడల మీద మా మంటలు. నీలంగా, ఆకుపచ్చగా, నిలువెత్తున. కొలత గీతలు లేవు, టైము లేదు, పరీక్ష నంబర్లు లేవు. జనం పళ్ళరసం గ్లాసులు పట్టుకుని వాటి ముందు ఫోటోలు దిగుతున్నారు. ఒకాయన, "కిత్నీ పీస్‌ఫుల్ హై," అన్నాడు. అంత ప్రశాంతంగా ఉందట.

ఏడో పరీక్ష చివరి గోడ మీద ఉంది. ఒకే చిత్రం కాదు, వరసగా అయిదు. మంట నిలబడటం, ఒరగడం, ఇంకా ఒరగడం, ఉబ్బడం, భగ్గుమనడం. మధ్యది అన్నిటికంటే పెద్దది. వాల్వు మెడ కూడా కింద మూలన ఉంది. అక్షర దాన్ని ఒక నల్లటి కొండలాగా వదిలేసింది.

జయశీల వాటి ముందు చాలాసేపు నిలబడింది. ఎడమ నుంచి కుడికి నడిచింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. వార్డులో మంచం నుంచి మంచానికి నడిచే నడక.

"ఏమండీ, ఈ దారం ఏంటి?"

"ఏ దారం?"

"ఇదిగో. రెండోదాంట్లో ఉంది. నాలుగోదాంట్లో కూడా ఉంది, కానీ వంగింది. నడిమిదాంట్లో లేదు."

అక్షర ఎప్పుడొచ్చిందో మా పక్కన నిలబడి ఉంది. "ఆంటీ, మీరు చూశారా! ఎవ్వరూ చూడలేదు. నాకు ఆ దారం చాలా ఇష్టం. మంట దాని వైపే వంగుతోంది, దేఖియే. ఈ నాలుగూ కచ్చా ఫైళ్ళ నుంచి చేశాను. నడిమిది అంకుల్ క్లీన్ చేసి ఇచ్చిన ఫైలు, రామమూర్తి సర్ అదే పెట్టమన్నారు. అందుకే దాంట్లో నహీ హై."

అద్దం మీది గీత కదలదు. ప్రతి చిత్రంలోనూ ఒకేచోట, ఒకేలా ఉంటుంది. ఈ గీత రెండో చిత్రంలో నిటారుగా ఉంది. నాలుగోదాంట్లో మంట లాగుతుంటే దాని వైపు వంగింది. అది కట్టిన వాల్వు మెడ నుంచి బయటికి వస్తోంది. అద్దం గీత అవునో కాదో తెలుసుకోవడానికి ఒక చిత్రం ముందుకో వెనక్కో జరిపితే చాలు. ఒక్క మీట నొక్కాలి.

"అంకుల్? పానీ లాఊఁ?" అంది అక్షర.

మంచినీళ్ళు వద్దన్నాను. జయశీల ఇంకా ఆ దారాన్నే చూస్తోంది. కట్టు ఉన్న చేతిని గుండెకి ఆనించుకుని ఉంది. అదేమిటో ఆమెకి తెలియదు. తెలిసినవాణ్ణి పక్కనే ఉన్నాను. "పద, ఇంటికి పోదాం," అన్నాను.

* * *

రెండు రోజులు ఊరుకున్నాను. ఎవరికి ముందు చెప్పాలో ఆలోచిస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఎవరి మీద కోప్పడాలా అని వెతుకుతున్నాను. శుభ్రం చెయ్యమన్న రామమూర్తి గారి మీద, అద్దం గీసిన ఆ పేరు తెలియని చేతి మీద, అంతా చూసి అందం అని వదిలేసిన అక్షర మీద. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి కోపం వెనక్కి వచ్చేసింది.

మూడో రోజు పొద్దున్న జయశీల బియ్యం ఏరుతుంటే చెప్పాను. అంతా చెప్పాను. అది గ్యాసు అని, వాల్వు కట్టినా లీకవుతోందని, దాన్ని తుడిచింది నేనని.

ఆమె చెయ్యి ఆగింది. మొదట ఆమె మొహంలో వచ్చింది సంతోషం. "అయితే నేను కట్టాననే కదా?" అంది. "కట్టాను కదా?"

"కట్టావు."

అప్పుడు రెండోది వచ్చింది.

"మరి మీరెందుకు తుడిచారు?"

"అద్దం గీత అనుకున్నాను. పని ఎక్కువగా ఉంది, మూడొందల చిత్రాలు..."

"గోడకి మేకు కొడితే వంకరగా ఉందా అని మూడుసార్లు స్టూలు దిగి చూస్తారు మీరు."

నేను చేటలోంచి ఒక వడ్లగింజ ఏరి పక్కన పెట్టాను.

"పక్క ఫోటో చూస్తే తెలిసేదా?"

"తెలిసేది."

"పెళ్ళాం ప్రాణం మీదికొచ్చిన ఫోటోకి పక్క ఫోటో చూడలేదు." చేట పక్కన పెట్టింది. "చూడక్కర్లేదనుకున్నావు. ఏముంటుందో నీకు ముందే తెలుసు. నేను కట్టలేదనే అనుకున్నావు."

"జయా, అప్పుడు చలికాలంలో నువ్వు పాలు..."

ఎందుకన్నానో తెలియదు. అది చెబితే ఆమెకి అర్థమవుతుందని ఎక్కడో అనుకున్నాను.

"పాలా?" అంది. "పాలు మాడినందుకా?"

చేట ఎత్తి నా మీద విసిరింది. బియ్యం గదంతా పడ్డాయి. తర్వాత అరిచింది. నేను ఆమె అరవగా విన్నది అదే మొదటిసారి. "మూడు నెలల్నించి నీ ముందు చెబుతున్నాను. రోజూ చెబుతున్నాను. ఆ ఆసుపత్రి వాళ్ళు నా మొగుళ్ళు కాదు, వాళ్ళు నమ్మకపోతే నాకేంటి! నువ్వు 'అవునులే, అవునులే' అని నన్ను జోకొట్టావు. పిచ్చిదాన్ని జోకొట్టినట్టు!"

పక్కవాళ్ళ తలుపు తెరుచుకుంది. "సబ్ ఠీక్ హై, దీదీ?" అని వినబడింది.

ఆ మధ్యాహ్నం ఫెయిత్ ఆటోలో వచ్చి ఆమెను సరోజినీ నగర్ తీసుకెళ్ళింది. మెట్లు దిగేముందు జయశీల ఒక్క మాటే అంది. "కమిటీకి చెప్పు. నాకు చెప్పినట్టు నసగకుండా చెప్పు."

* * *

మర్నాడు రామమూర్తి గారికి చెప్పాను. ఆయన మొహం తెల్లబడింది.

"నీ భార్యా? సిలాసూ, ఎంత పని చేశావయ్యా! మొదటే చెప్పి ఉంటే ఈ పని నీకిచ్చేవాణ్ణే కాదు."

"తెలుసండి. అందుకే చెప్పలేదు."

"ఇప్పుడు నీ మాట ఎవరు నమ్ముతారు? పెళ్ళాన్ని కాపాడుకోవడానికి కట్టుకథ అల్లాడంటారు. కచ్చా ఫైళ్ళేవీ? నువ్వే కదా చెరిపింది?"

"అక్షర దగ్గరున్నాయి. మీరిచ్చినవే."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. ఆ రోజే నన్ను సస్పెండ్ చేశారు. చెయ్యాల్సిందే.

అక్షర ఫోనులోనే అంతా విని, గంటలో హార్డ్ డిస్కు పట్టుకుని కమిటీ ఆఫీసు గేటు దగ్గరికి వచ్చింది. ఎండకి మొహం కందిపోయి ఉంది. డిస్కు నా చేతికివ్వలేదు.

"నేనే లోపలికిస్తాను అంకుల్. మీరిస్తే మళ్ళీ డౌట్ పడతారు." రెండడుగులు వేసి ఆగింది. "ఒకటి అడగనా? మీరు మొదటిరోజు నుంచీ నా మీద అంత గుస్సాగా ఎందుకుండేవారు?"

"నువ్వు చూస్తున్నావు కాబట్టి," అన్నాను.

అర్థం కానట్టు చూసి లోపలికి వెళ్ళిపోయింది.

కమిటీ వాళ్ళు నన్ను రెండు పూటలు కూర్చోబెట్టి అడిగారు. భార్య అని ఎందుకు దాచావు? ఎందుకు తుడిచావు? ఎందుకు పక్క చిత్రం చూడలేదు? చివరిదానికి, ఆమె కట్టలేదని నేను నమ్మాను కాబట్టి అని చెప్పాను. రాసుకుంటున్న గుమాస్తా తలెత్తి నన్ను చూశాడు. ఆ మాట వాళ్ళ ముందు నసగకుండానే వచ్చింది. వేరే ల్యాబులో ఆ నాలుగు సిలిండర్లనూ మళ్ళీ పరీక్షించారు. వాటిలో మూడింటికి వాల్వు కట్టినా లీకు ఉంది.

జూలై మొదటివారంలో, వాన పడుతున్న ఒక మధ్యాహ్నం, ఉత్తర్వు పోస్టులో వచ్చింది. కవరు మీద జయశీల పేరు. తెరవకుండా ఫెయిత్ ఇంటికి ఫోను చేశాను.

"తీసుకొస్తాను," అన్నాను.

"రావద్దు. చింపి చదువు," అంది జయశీల.

చదివాను. ఘటన సమయంలో సిలిండరు వాల్వు కట్టి ఉందని, నర్సు తరఫున ఏ నిర్లక్ష్యమూ లేదని ఉంది. అటువైపు కుక్కరు కూత పెట్టింది. ఎవరో దాన్ని ఆపారు.

"ఇంకోసారి."

మళ్ళీ చదివాను.

"వాళ్ళు రాసింది విన్నాను. ఆ కాగితం కింద పెట్టి చెప్పు."

కాగితం బల్ల మీద బోర్లా పెట్టాను. కమిటీ ముందు అంత సులువుగా పెగిలిన నోరు ఇప్పుడు వెంటనే పెగల్లేదు.

"నువ్వు కట్టావు జయా," అన్నాను.

ఆమె ఊపిరి వినబడింది, బరువుగా.

"మార్చిలో ఈ ముక్క చెబితే సరిపోయేది," అని ఫోను పెట్టేసింది.